కేతిగాడి నుంచి ఇంటి రోబో దాకా: మాట్లాడే బొమ్మ, మాండలికం – పాలమూరు సరిహద్దు నుంచి ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

కార్టూన్ జీవిని నమూనాగా తీసుకొని ఇంట్లోనే మాట్లాడే రోబోను తయారుచేయడం నేటి బడిపిల్లలకూ ఔత్సాహికులకూ అందుబాటులోకి వచ్చిన పని. దీనిని కేవలం సాంకేతిక వినోదంగా చూడటం పరిపాటి. మాట్లాడే బొమ్మకు మాత్రం సుదీర్ఘమైన చరిత్ర ఉంది. సాలభంజికల కథలు, తోలుబొమ్మలాటలోని కేతిగాడు, పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా వాగ్యంత్రాలు, ఇరవయ్యో శతాబ్దపు ఎలక్ట్రానిక్ బొమ్మలు ఆ చరిత్రలోని ప్రధాన ఘట్టాలు. ఈ వ్యాసం వాటిని వరుసగా పరిశీలించి, మనిషి రూపం నుంచి దూరంగా జరిగిన వింత ఆకారానికే లోకభాష మాట్లాడే స్వేచ్ఛ ఎక్కువగా దక్కిందని ప్రతిపాదిస్తుంది. తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసే మక్తల్ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని, ఇంటి రోబో ఏ తెలుగు మాట్లాడాలి అన్న ప్రశ్నను చర్చిస్తుంది.

కీలక పదాలు: మాట్లాడే బొమ్మ, తోలుబొమ్మలాట, కేతిగాడు, వాగ్యంత్రం, వాక్ సంశ్లేషణ, కార్టూన్, పాలమూరు మాండలికం, మక్తల్.

1. ప్రవేశిక

మక్తల్ పట్టణం మహబూబ్‌నగర్ నుంచి రాయచూరుకు పోయే దారిలో ఉంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో చేరింది. దక్షిణాన కృష్ణానది, ఆవల కర్ణాటక. 1956 రాష్ట్రాల పునర్విభజనకు ముందు రాయచూరు, గుల్బర్గా, మహబూబ్‌నగర్ జిల్లాలు మూడూ హైదరాబాదు రాష్ట్రంలోనివే. పాలనాభాషగా ఉర్దూ, ఇళ్లలో తెలుగు, సంతలో తెలుగుతోపాటు కన్నడం ఇక్కడ తరతరాలుగా కలిసి బతికాయి. పునర్విభజన రాష్ట్రాల మధ్య గీత గీసింది గాని వినిమయాన్ని ఆపలేదు.

ఇటువంటి చోట పెరిగే పిల్లవాడు ఒక బొమ్మకు మాట నేర్పాలనుకుంటే ముందుగా ఎదురయ్యే ప్రశ్న సాంకేతికమైనది కాదు. మోటారు, స్పీకరు, చిన్న సర్క్యూటు బోర్డు దొరకడం నేడు కష్టం కాదు. బొమ్మ ఏ భాషలో, ఏ యాసలో, ఎవరి గొంతుతో పలకాలి అన్నదే అసలు చిక్కు. టీవీలోని కార్టూన్ జీవి మాట్లాడే తెలుగు ఒకటి, పాఠ్యపుస్తకంలోని తెలుగు ఒకటి, ఇంట్లో నాయనమ్మ మాట్లాడే తెలుగు మరొకటి. వీటిలో ఏది బొమ్మ నోటికి చేరుతుందో నిర్ణయించేది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే బొమ్మ నోట మాట పుట్టిన చరిత్రను మొదటి నుంచి చూడవలసి ఉంటుంది.

2. సాలభంజిక, కేతిగాడు: మాట్లాడే బొమ్మలో రెండు సంప్రదాయాలు

భారతీయ కథాసంప్రదాయంలో మాట్లాడే బొమ్మలకు పేరుపొందిన ఉదాహరణ విక్రమార్కుని సింహాసనం. ఆ సింహాసనం ఎక్కబోయిన భోజరాజును దాని మెట్లపై ఉన్న ముప్పైరెండు సాలభంజికలు ఒక్కొక్కటిగా ఆపి, విక్రమార్కుని గుణాలను కథలుగా చెప్పి, ‘నీకు ఆ అర్హత ఉన్నదా?’ అని నిలదీస్తాయి. ఈ కథాచక్రాన్ని పదిహేనో శతాబ్దంలో తెలంగాణ కవి కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’గా తెలుగు చేశాడు. కథలోని భోజుడు మాట్లాడే బొమ్మల ఎదుట నిలబడ్డాడు. చరిత్రలోని పరమార భోజుని పేరిట పదకొండో శతాబ్దపు ‘సమరాంగణ సూత్రధారం’ అనే వాస్తుగ్రంథం ఉంది. అందులోని యంత్రాధ్యాయం కదిలే కొయ్యబొమ్మలను, కృత్రిమ పక్షులను వర్ణిస్తుంది. బొమ్మకు ప్రాణం పోయాలన్న ఊహ కథలోనూ శాస్త్రగ్రంథంలోనూ ఒకే రాజు పేరు చుట్టూ అల్లుకోవడం గమనార్హం.

సాలభంజిక అందమైన స్త్రీరూపం. ఆమె మాట ప్రౌఢమైనది, తీర్పు చెప్పేది. దీనికి పూర్తి భిన్నమైన మాట్లాడే బొమ్మ తోలుబొమ్మలాటలో కనిపిస్తుంది. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’ నాటికే బొమ్మలాట తెలుగునాట ప్రసిద్ధమైన వినోదం. తెర వెనుక దీపం, తెర మీద రంగుల నీడ, నీడ వెనుక ఆటగాని గొంతు. ఇదీ దాని నిర్మాణం. రాముడు, సీత, రావణుడు పద్యాలలోనూ గంభీరమైన వచనంలోనూ మాట్లాడతారు. వారి మధ్యకు దూరి వచ్చే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు మాత్రం ఆ రాత్రి ఆట జరుగుతున్న ఊరి భాషలో మాట్లాడతారు. ఊరి పెద్దను ఆటపట్టిస్తారు, ధరల గురించి వాపోతారు, రామాయణ కథను ఆపి మరీ పోట్లాడుకుంటారు.

ఈ హాస్యపాత్రల రూపం ఉద్దేశపూర్వకంగా వికృతం. పొడుచుకువచ్చిన కడుపు, పెద్ద తల, ఎగుడుదిగుడు ముక్కు, నల్లని శరీరం. దేవతల బొమ్మలకున్న కొలతల నియమం వీటికి లేదు. రూపానికి నియమం లేనట్లే మాటకూ నియమం లేదు. అందువల్లనే గ్రాంథిక నియమాలు పాటించని లోకభాష ఈ బొమ్మల ద్వారా రంగస్థలం ఎక్కగలిగింది.

మక్తల్ వంటి సరిహద్దు ప్రాంతానికి ఈ పాత్రలు మరో కారణం చేత ముఖ్యమైనవి. నది ఆవల కన్నడ తొగలు గొంబెయాటలో కేతిగాని స్థానంలో కిళ్లేక్యాత ఉంటాడు. అతని జోడు కూడా బంగారక్కే. అక్కడ బొమ్మలాడించే సమూహానికే ఆ హాస్యగాని పేరు స్థిరపడింది. తెలుగునాటనైనా కన్నడనాటనైనా ఈ కళాకారుల్లో ఎక్కువమంది ఇంటిభాష మరాఠీకి చెందినది. ఇంట్లో ఒక భాష మాట్లాడేవారు తెర వెనుక కూర్చొని మరో భాషలో, అదీ ఊరూరికీ మారే యాసలో, బొమ్మ చేత మాట్లాడించారు. అంటే బొమ్మ మాట ఎన్నడూ ‘సహజంగా’ వచ్చింది కాదు. విని, ఎంచి, అనుకరించి పెట్టినది. నేటి ఇంటి రోబో తయారీదారు చేయవలసిన పని కూడా సరిగ్గా అదే.

గొంతును మార్చి బొమ్మకు ప్రత్యేకమైన ధ్వని ఇవ్వడం ఇతర సంప్రదాయాల్లోనూ ఉంది. రాజస్థానీ కఠ్‌పుత్లీ ఆటలో కళాకారుడు వెదురు, తోలుతో చేసిన ‘బోలీ’ అనే చిన్న ఈలను నోట పెట్టుకొని బొమ్మ మాటను ఈలగా పలికిస్తాడు. పక్కన డోలు వాయించే వ్యక్తి దానికి అర్థం చెబుతూ సంభాషణ నడిపిస్తారు. ఇంగ్లండులోని పంచ్ బొమ్మ కూడా ఇటువంటి పరికరంతోనే కీచుగా మాట్లాడుతుంది. మాట అస్పష్టంగా ఉండటం ఇక్కడ లోపం కాదు. అది ఆ జీవి లక్షణం.

తెలంగాణలో ఈ అనుకరణ విద్య ఆధునిక వేదికకు చేరడానికి నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) ప్రధాన కారకుడు. వరంగల్లుకు చెందిన ఆయన మిమిక్రీని గౌరవనీయమైన కళగా నిలబెట్టి 2001లో పద్మశ్రీ అందుకున్నారు. పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీ బోధనాంశమైంది. ఒళ్లో బొమ్మను కూర్చోబెట్టుకొని పెదవి కదపకుండా మాట్లాడే వెంట్రిలాక్విజాన్ని తెలుగు ప్రేక్షకులు ‘మాట్లాడే బొమ్మ’ అనే పేరుతోనే ఎరుగుదురు.

3. యంత్రానికి గొంతు: ఇంటి పనిగది పాత్ర

మనిషి గొంతు తెర వెనుక లేకుండా యంత్రమే పలకాలన్న ప్రయత్నం పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో ఒక రూపు దిద్దుకుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ ప్రకటించిన పోటీకి స్పందనగా క్రాట్జెన్‌స్టైన్ 1779లో అయిదు అచ్చులను పలికే గొట్టాలను రూపొందించాడు. వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ తన వాగ్యంత్రాన్ని 1791లో వియన్నాలో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. ఊపిరితిత్తులకు బదులు కొలిమితిత్తి, స్వరతంత్రులకు బదులు కంపించే నాలుక, నోటికి బదులు చేత్తో ఆకారం మార్చే గరాటు. ఈ యంత్రానికి మనిషి ముఖం లేదు. కెంపెలెన్ యోచించినది మనిషిని తయారుచేయడం గురించి కాదు, మాట ఎలా పుడుతుందో తెలుసుకోవడం గురించి.

కెంపెలెన్ యంత్రాన్ని ఆంగ్ల శాస్త్రవేత్త వీట్‌స్టన్ తిరిగి నిర్మించాడు. దానిని చూసిన బాలుడు అలెగ్జాండర్ గ్రాహం బెల్. తండ్రి ప్రోత్సాహంతో బెల్, అతని అన్న మెల్విల్ కలిసి 1863 ప్రాంతంలో ఎడిన్‌బరోలోని ఇంట్లో ఒక మాట్లాడే తలను తయారుచేశారు. అన్న గొంతు, ఊపిరి భాగాలు చేపట్టగా తమ్ముడు నోరు, నాలుక అమర్చాడు. అది ‘మామా’ అని అరిస్తే ఇరుగుపొరుగు ఎవరో పసిబిడ్డ ఏడుస్తోందని భ్రమపడ్డారని బెల్ స్వయంగా గుర్తుచేసుకున్నాడు. ఇంట్లో తయారైన మాట్లాడే బొమ్మకు చరిత్రలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు. ఆ కుర్రవాడే 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందాడు. పిల్లల ఆటవస్తువుగా మొదలైన శ్రమ ధ్వనిశాస్త్ర జ్ఞానంగా మారిన తీరు ఇక్కడ కనిపిస్తుంది.

కర్మాగారంలో తయారైన మొదటి మాట్లాడే బొమ్మల కథ ఇందుకు భిన్నం. ఎడిసన్ సంస్థ 1890లో కడుపులో చిన్న ఫోనోగ్రాఫ్ అమర్చిన బొమ్మను విపణిలోకి తెచ్చింది. పిడి తిప్పితే మైనపు వలయం మీద నమోదైన బాలగేయం వినిపించేది. నకలు తీసే పద్ధతి లేనందున ప్రతి బొమ్మకూ యువతులు విడివిడిగా గీతాన్ని చెప్పి నమోదు చేయవలసి వచ్చింది. ధ్వని కరకుగా ఉండేది, వలయం త్వరగా అరిగిపోయేది. కొద్ది వారాల్లోనే అమ్మకం ఆగిపోయింది. కుర్రవాళ్ల తల ఒక్క మాటతో ఇంటిల్లిపాదినీ ఆనందపరచగా, కర్మాగారపు బొమ్మ పూర్తి గేయం పాడి కూడా పిల్లలను భయపెట్టింది.

4. మనిషి ముఖమా, వింత జీవా?

ఈ వైఫల్యానికి సాంకేతిక లోపం ఒక్కటే కారణం కాదు. జోసెఫ్ ఫేబర్ తన ‘యూఫోనియా’ను 1846లో లండనులో ప్రదర్శించాడు. మీటలు నొక్కితే పూర్తి వాక్యాలు పలికే యంత్రం అది. దానికి స్త్రీ ముఖం తగిలించాడు. మనిషి ముఖం, మనిషిది కాని గొంతు కలిసేసరికి ప్రేక్షకులకు అబ్బురం కన్నా జంకు ఎక్కువ కలిగింది. 1970లో జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి ఈ అనుభవానికి ఒక సిద్ధాంతరూపం ఇచ్చాడు. బొమ్మ మనిషిని పోలేకొద్దీ ఆత్మీయత పెరుగుతుంది, దాదాపు మనిషిలా ఉండి పూర్తిగా కానిచోట అది హఠాత్తుగా వెగటుగా మారుతుంది. ఆ పతనాన్ని ఆయన లోయతో పోల్చాడు.

మనిషి రూపాన్ని వదిలి ఊహాజీవిని ఎంచుకోవడం ఈ లోయను దాటించే ఉపాయం. 1985లో అమెరికాలో వచ్చిన ‘టెడ్డీ రక్స్‌పిన్’ అనే మాట్లాడే ఎలుగుబంటి క్యాసెట్టులో ఒక ట్రాక్ ధ్వనిని, మరో ట్రాక్ కళ్లు, నోరు కదిపే మోటార్లకు సంకేతాలను మోసేవి. 1998లో వచ్చిన ‘ఫర్బీ’ గుడ్లగూబకూ ఎలుకకూ మధ్యస్థంగా కనిపించే జీవి. దాని చెవులు, కళ్లు, నోరు, దేహం అన్నీ ఒకే ఒక మోటారుతో, కామ్‌ల అమరికతో కదిలేవి. మొదట తన సొంత ‘ఫర్బిష్’ భాషలో మాట్లాడి, కాలక్రమంలో ముందే నిక్షిప్తమైన ఇంగ్లీషు మాటలను ఒక్కొక్కటిగా బయటపెట్టేది. కొన్నవారికి అది భాష నేర్చుకుంటున్నట్లు తోచేది. 1999 జనవరిలో అమెరికా జాతీయ భద్రతా సంస్థ, విన్నది తిరిగి చెబుతుందన్న అనుమానంతో, దానిని తన కార్యాలయాల్లోకి తేకూడదని నిషేధించింది. నిజానికి ఫర్బీకి మాటలను నమోదు చేసే శక్తి లేదు. వింత రూపం, అర్థం కాని సొంత భాష, నేర్చుకుంటున్నట్లు నటన కలిస్తే బొమ్మ ఎంతటి నమ్మకాన్ని పుట్టించగలదో ఈ ఉదంతం తెలుపుతుంది.

కేతిగాడు, కఠ్‌పుత్లీ ఈల, ఫర్బీ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక సామాన్య సూత్రం కనిపిస్తుంది. రూపం ఎంత ఊహాత్మకమైతే మాటకు అంత స్వేచ్ఛ. రాముని బొమ్మ యాసలో మాట్లాడితే సభ ఒప్పుకోదు. కేతిగాడు యాసలో మాట్లాడకపోతే సభ ఒప్పుకోదు. కార్టూన్ జీవిని నమూనాగా తీసుకున్న రోబో ఈ వారసత్వంలో కేతిగాని వైపు నిలుస్తుంది.

5. కార్టూన్ జీవి ఎవరి భాష మాట్లాడుతోంది?

తెలుగునాట పిల్లల ఊహలోకాన్ని నేడు నింపుతున్నవి ఎక్కువగా ఇతర భాషల్లో పుట్టి తెలుగులోకి అనువాదమైన కార్టూన్లు. ఇందులో ఒక విచిత్రం ఉంది. దేశవ్యాప్తంగా ఆదరణ పొందిన ‘ఛోటా భీమ్’ 2008లో పోగో చానెల్‌లో మొదలైంది. దానిని సృష్టించిన రాజీవ్ చిలక, ఆయన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ హైదరాబాదుకు చెందినవారు. అందులో మాట్లాడే కోతి జగ్గు హైదరాబాదులోనే పుట్టిన కార్టూన్ జీవి. అయినా దాని ఊరు ఊహాజనితమైన ఢోలక్‌పూర్, జాతీయ విపణిలో దాని ప్రధాన భాష హిందీ. తెలుగు పిల్లలకు అది డబ్బింగ్ తెలుగులో చేరింది.

డబ్బింగ్ తెలుగు ఏ ఒక్క ఊరికీ చెందనిది. పెదవుల కదలికకు సరిపడేలా, అన్ని ప్రాంతాల వారికీ అర్థమయ్యేలా కుదించిన వాక్యాలు అందులో ఉంటాయి. ఊరూరికీ యాస మార్చే కేతిగానికీ, అన్ని ఊళ్లలో ఒకే మాట పలికే కార్టూన్ జీవికీ మధ్య భేదం ఇక్కడే ఉంది. ప్రసార మాధ్యమం బొమ్మను అందరికీ చేర్చింది. ఆ క్రమంలో బొమ్మకు ఊరు లేకుండా పోయింది.

రోబో విషయంలోనూ ఇదే ధోరణి. 2010లో వచ్చిన ‘రోబో’ చిత్రం తమిళ ‘ఎందిరన్’కు తెలుగు రూపం. తెలుగు ప్రేక్షకుల మనసులో రోబో రూపాన్ని స్థిరపరచినది అదే. 2017 నవంబరులో హైదరాబాదులో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో బెంగళూరు సంస్థ రూపొందించిన ‘మిత్ర’ రోబో ప్రధాని నరేంద్ర మోదీని, ఇవాంకా ట్రంప్‌ను పలకరించింది. మాట్లాడే రోబో తెలంగాణ నేల మీద ప్రపంచవేదిక ఎక్కిన సందర్భమది. వేదిక మీది రోబోకు ఒక సంస్థ, ఒక పెట్టుబడి, ఒక ప్రామాణిక భాష అవసరం. ఇంటి రోబోకు ఈ మూడూ అవసరం లేదు. దాని చారిత్రక ప్రాధాన్యం అక్కడే ఉంది.

6. తెలుగు వాక్ సంశ్లేషణ: రాతకు దగ్గర, యాసకు దూరం

రాసిన పాఠాన్ని యంత్రం చదివి వినిపించడాన్ని వాక్ సంశ్లేషణ అంటారు. ఈ పనికి తెలుగు లిపి ఎంతో అనుకూలమైనది. హిందీలో పదాంతంలోని అకారం రాతలో ఉన్నా పలుకులో లోపిస్తుంది గనుక ఎక్కడ లోపిస్తుందో యంత్రానికి నియమాలు చెప్పాలి. ఇంగ్లీషులో రాతకూ పలుకుకూ సంబంధం మరీ అస్థిరం. తెలుగు పదాలు చాలావరకు అజంతాలు, రాసిన అచ్చు పలుకుతుంది, హ్రస్వదీర్ఘాల భేదం లిపిలోనే ఉంది. అందుచేత అక్షరాన్ని ధ్వనిగా మార్చే తొలి మెట్టు తెలుగులో సులభం. సంఖ్యలు, సంక్షిప్తాలు, ఇంగ్లీషు పదాలు కలిసిన చోటనే చిక్కులు వస్తాయి.

హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఈ రంగంలో గణనీయమైన కృషి చేసింది. ఆ సంస్థ పరిశోధకులు 2012లో తెలుగుతో సహా ఏడు భారతీయ భాషలకు స్వేచ్ఛగా వాడుకోదగిన వాక్ భాండాగారాలను వెలువరించారు. ఒక్కో భాషకు వెయ్యి వాక్యాలు. ఆ వాక్యాలను ఆయా భాషల వికీపీడియాల నుంచి ఎంచి, మాతృభాషీయుల చేత చదివించి నమోదు చేశారు. ‘ధ్వని’, ‘ఈస్పీక్’ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు కూడా తెలుగును పలికాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం ‘భాషిణి’ని ఆవిష్కరించి భారతీయ భాషల అనువాద, వాక్ సాంకేతికతలను ఒక వేదిక మీదకు తెచ్చింది.

ఈ కృషి విలువైనది. దాని స్వభావాన్ని కూడా గుర్తించాలి. వికీపీడియా వాక్యం రాతభాష. దానిని చదివి నేర్చిన యంత్రం రాతభాషనే పలుకుతుంది. ‘వచ్చాడు’ అన్న యంత్రానికి ‘వచ్చిండు’ అని రాసిస్తే అక్షరాలను పలుకుతుంది గాని పాలమూరు వాక్యపు ఊపు, ప్రశ్నలో చివర లేచే స్వరం, దగ్గరివారిని పిలిచేటప్పటి సాగదీత దానికి తెలియవు. లిపి చూపగలిగే తేడాలు కొన్నే. యాసలో ఎక్కువ భాగం లిపికి అందని స్వరంలో, లయలో ఉంటుంది.

తెలుగు మాండలికాలను శాస్త్రీయంగా నమోదు చేయడం భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన ‘మాండలిక వృత్తిపదకోశం’తో ఒక పద్ధతికి వచ్చింది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వెలువడ్డాయి. ఆ కోశాలు పదాలను భద్రపరచాయి. గొంతులను భద్రపరచడం మరో తరహా పని, దానికి వేరే పరికరాలు కావాలి. ఇంటి రోబోలోని చిన్న మెమరీ కార్డు అటువంటి పరికరాల్లో ఒకటి కాగలదు.

7. ఇంటి తయారీ: పనితీరు, ప్రాంతీయ నేపథ్యం

ఇంట్లో మాట్లాడే రోబోను తయారుచేయడంలో నాలుగు భాగాలు ఉంటాయి. మొదటిది దేహం: అట్ట, థర్మాకోల్, గుడ్డ, పాత ప్లాస్టిక్ డబ్బాలు. రెండోది కదలిక: దవడకు, చెవులకు చిన్న సర్వో మోటార్లు. మూడోది బుద్ధి: 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో బోర్డు గాని, 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై గాని. నాలుగోది గొంతు: మెమరీ కార్డులోని ధ్వనిఫైళ్లను వినిపించే చిన్న మాడ్యూలు, ఒక స్పీకరు. ధ్వని తీవ్రత పెరిగినప్పుడు దవడ తెరుచుకొని, తగ్గినప్పుడు మూసుకునేలా ప్రోగ్రాము రాస్తే బొమ్మ మాట్లాడుతున్నట్లే కనిపిస్తుంది. పెదవుల కదలిక ప్రతి అక్షరానికీ సరిపోనక్కరలేదు. కార్టూన్ జీవి నోరు ఒక సంకేతమే గనుక చూసేవారు ఆ తేడాను పట్టించుకోరు. తోలుబొమ్మ ఆటగాడు కీలు కదిపి చేసిన పనినే ఇక్కడ మోటారు చేస్తుంది.

గొంతు విషయంలో తయారీదారు ఎదుట రెండు దారులున్నాయి. వాక్ సంశ్లేషణ సాఫ్ట్‌వేర్ వాడితే బొమ్మ ఏ వాక్యాన్నైనా పలుకుతుంది, అయితే ప్రామాణిక స్వరంతోనే. ఇంట్లోవారి మాటలను నమోదు చేసి వాడితే పరిమితమైన మాటలే పలుకుతుంది, అయితే ఆ ఇంటి గొంతుతో పలుకుతుంది. మొదటిది విస్తృతిని ఇస్తుంది, రెండోది సొంతదనాన్ని ఇస్తుంది. సంభాషణ తక్కువైనా ‘ఏందిరా, ఎటు వోతున్నవ్?’ అని అవ్వ గొంతుతో పలకరించే జీవి ఆ ఇంట్లో పొందే ఆదరణ వేరు.

యంత్రాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవడం దక్షిణ తెలంగాణకు కొత్త కాదు. పూర్వపు నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, చీరకు ఆసు పోయడంలో తల్లి పడే భుజాల నొప్పిని చూసి, ఏళ్ల ప్రయత్నం తరువాత 1999లో ‘లక్ష్మీ ఆసుయంత్రా’న్ని పూర్తిచేశారు. చిన్నతనంలోనే బడి మానవలసి వచ్చిన ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప 2024లో పద్మశ్రీ పొందారు. సొరకాయ బుర్ర, వెదురు, లోహపు తీగల వంటి చేతికందే వస్తువులే ఆ వాద్యానికి గొంతునిస్తాయి. వస్తువుకు గొంతు ఇవ్వడం, పనిముట్టును సొంత అవసరానికి మలచుకోవడం ఈ నేలకు తెలిసిన విద్యలే.

వ్యవస్థాపరమైన తోడ్పాటు కూడా ఇటీవల పెరిగింది. 2016లో నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఎంపికైన బడుల్లో ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం టింకరింగ్ ల్యాబులు నెలకొల్పింది. ఒక్కో బడికి గరిష్ఠంగా 20 లక్షల రూపాయల గ్రాంటు ఇందుకు కేటాయించారు. తెలంగాణ రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019లో ‘ఇంటింటా ఇన్నోవేటర్’ కార్యక్రమాన్ని ప్రారంభించి, ఇళ్లలో తయారైన ఆవిష్కరణలను స్వాతంత్ర్య దినోత్సవం నాడు జిల్లా కేంద్రాల్లో ప్రదర్శించే ఏర్పాటు చేసింది. 2023 మార్చిలో హైదరాబాదు రాయదుర్గంలో టీ-వర్క్స్ ప్రారంభమైంది. ఈ కార్యక్రమాల్లో ఆవిష్కరణను కొలిచే ప్రమాణాలు ప్రధానంగా ఉపయోగం, ఖర్చు, నూతనత్వం. భాష వాటి దృష్టికి అంతగా రాలేదు. మాట్లాడే రోబో విషయంలో భాషే ఆవిష్కరణలో సగభాగం.

8. యాసకు హాస్యమే గతియా?

వింత రూపం యాసకు స్వేచ్ఛనిస్తుందన్న ప్రతిపాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. కేతిగాడు యాస మాట్లాడాడు, జనం నవ్వారు. రాముడు పద్యం చదివాడు, జనం చేతులు జోడించారు. యాసను హాస్యగానికి అప్పగించడం స్వేచ్ఛా, చిన్నచూపా? తెలుగు సినిమాలో దశాబ్దాలపాటు తెలంగాణ భాషను హాస్యపాత్రలకూ ప్రతినాయకులకూ కేటాయించారన్న విమర్శ తెలంగాణ ఉద్యమకాలంలో బలంగా వినిపించింది. తన ఇంటిమాట తెరమీద నవ్వులపాలవడం చూసిన పిల్లవాడు బడిలో ఆ మాట దాచుకోవడం నేర్చుకుంటాడు. అటువంటప్పుడు కార్టూన్ కోతి నోట పాలమూరు యాస పెట్టడం ఆ పాత గాయాన్నే మళ్లీ రేపదా?

ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసివేయలేం. రెండు సందర్భాల మధ్య ఒక భేదాన్ని మాత్రం గుర్తించాలి. సినిమాలో యాసను పాత్రకు పెట్టినవారు చాలాసార్లు ఆ యాస తమది కానివారు. నవ్వు బయటినుంచి లోపలికి వచ్చింది. బొమ్మలాటలో కేతిగాడు ఊరి భాషలో మాట్లాడి నవ్వించింది ఊరివారినే. తరచుగా ఆ నవ్వుకు గురి అయినది అధికారం, ఆడంబరం. యాస అక్కడ నవ్వుకు లక్ష్యం కాదు, నవ్వుకు ఆయుధం. అంటే యాస గౌరవాన్ని తేల్చేది బొమ్మ రూపం కాదు. దాని చేత ఎవరు, ఎవరి ఎదుట, ఎవరి గురించి మాట్లాడిస్తున్నారన్నదే తేలుస్తుంది.

2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత సినిమా కూడా మారింది. 2017లో ‘ఫిదా’ నాయిక, 2023లో ‘బలగం’లోని కుటుంబమంతా తెలంగాణ భాషలో మాట్లాడి ప్రేక్షకాదరణ పొందారు. యాస ప్రధానపాత్రకు చేరింది. ఈ మార్పు తరువాత తయారయ్యే ఇంటి రోబోకు పూర్వపు హాస్యగాని పరిధి తప్పనిసరి కాదు. అది లెక్కలు చెప్పవచ్చు, వాతావరణం చెప్పవచ్చు, కథ చెప్పవచ్చు. కేతిగాని రూపంలో ఉండి సాలభంజిక చేసిన పని, అంటే ప్రశ్నించి ఆలోచింపజేసే పని, చేయవచ్చు. రెండు పాత సంప్రదాయాలూ ఒకే బొమ్మలో కలిసే అవకాశం ఇప్పుడు ఏర్పడింది.

సరిహద్దు ప్రాంతంలో మరో మెట్టు కూడా ఉంది. మక్తల్ ఇళ్లలో వినిపించే తెలుగులో కన్నడ, ఉర్దూ పదాలు అప్పుగా వచ్చినవన్న స్పృహ లేకుండానే కలిసిపోయి ఉంటాయి. ప్రామాణిక సంశ్లేషణ వ్యవస్థ వీటిని అన్యపదాలుగా చూస్తుంది. ఇంట్లో నమోదైన గొంతుకు ఆ భేదం తెలియదు. ఎలా మాట్లాడతారో అలాగే పలుకుతుంది. ఆ విధంగా చూస్తే పిల్లవాని రోబోలోని యాభై వాక్యాలు ఒక చిన్న భాషాపత్రం.

9. ఉపసంహారం

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, మాట్లాడే బొమ్మ చరిత్రలో ఇల్లు అప్రధాన స్థలం కాదు. బెల్ సోదరుల తల నుంచి నేటి ఆర్డుయినో బొమ్మ వరకు మాట పుట్టే తీరును తెలుసుకోవడానికి ఇల్లు ప్రయోగశాలగా పనిచేసింది. రెండోది, మనిషి రూపానికి దూరమైన వింత జీవి అసంపూర్ణమైన గొంతునూ అప్రామాణికమైన భాషనూ ఒప్పించగలిగింది. కార్టూన్ జీవిని నమూనాగా ఎంచుకోవడం పిల్లల సరదా మాత్రమే కాదు, చరిత్ర సమర్థించిన ఎంపిక. మూడోది, బొమ్మ ఏ భాష మాట్లాడుతుందన్నది తయారీ ఎక్కడ, ఎవరి చేతుల్లో జరుగుతుందన్న దాని మీద ఆధారపడి ఉంది. కర్మాగారం, ప్రసారం, జాతీయ విపణి భాషను ఏకరూపం చేస్తాయి. ఇంటి తయారీ ఆ ఏకరూపతకు చిన్నదైనా నిజమైన ప్రత్యామ్నాయం.

దీనికి బోధనాపరమైన ఫలితం ఒకటి ఉంది. భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, తెలుగు ఉపాధ్యాయుడు కలిసి పనిచేయవలసిన అరుదైన ప్రాజెక్టు మాట్లాడే రోబో. సర్క్యూటు ఒకరి విషయం, వాక్యం మరొకరి విషయం. విద్యార్థులు తమ ఇళ్లలో పెద్దల మాటలను వారి అనుమతితో నమోదు చేసి, లిపిలో రాసి, రాతకూ పలుకుకూ ఉన్న తేడాలను గుర్తించి, ఆ తరువాత బొమ్మకు ఇస్తే వారు రోబోతో పాటు తమ మాండలికాన్నీ అధ్యయనం చేసినవారవుతారు. కళాశాలల తెలుగు శాఖలు ఆ నమోదులను ఊరు, వయసు, వృత్తి వివరాలతో సేకరిస్తే వృత్తిపదకోశం పదాలకు చేసిన సేవ గొంతులకూ అందుతుంది. బొమ్మ పాడైపోవచ్చు, మోటారు కాలిపోవచ్చు. నమోదైన మాట మిగులుతుంది. వాక్ సంశ్లేషణ పరిశోధకులకు నేడు కొరతగా ఉన్న మాండలిక ధ్వనిసామగ్రి ఇటువంటి ఆటల నుంచే సమకూరే వీలుంది.